గమీ ఇంటి తాళంచెవి

పెళ్ళిళ్ళలో నేను జడ్జిగా చేశానని తెలిసినవాళ్ళు పళ్ళెం పట్టుకుని పక్కన చేరి ఒకటే అడుగుతారు, ఎవరికైనా ఉరిశిక్ష వేశారా అని. వెయ్యలేదు. నాది సివిల్ వైపు. పాతబస్తీ గోడలు, గుమ్మాలు, మెట్ల కింద గదులు, ఒకరి చూరు నీళ్ళు ఇంకొకరి వాకిట్లో పడటం, కిరాయిదారు ఖాళీ చెయ్యకపోవడం, నా సర్వీసంతా వీటితోనే గడిచింది. ఈ మాట చెప్పగానే అడిగినవాళ్ళు మెల్లగా మిఠాయిల వైపు జరుగుతారు.

ఈ మధ్య కొత్తగా సివిల్ జడ్జి ఉద్యోగానికి ఎంపికైన అమ్మాయి ఒకామె మా ఇంటికి వచ్చింది. ఏ పుస్తకాలు చదవమంటారని అడిగింది. పుస్తకాలు ట్రైనింగులో వాళ్ళే చదివిస్తారు, అందులో దొరకనివి కొన్ని రాసిపెడతానని మాటిచ్చాను. ప్రమోషన్లు, బదిలీలు, ఎవరు ఎవరికి సలాం కొట్టి ఎక్కడికి పోయారన్న కథలు ఇందులో ఉండవు. వాటి మీద నాకింకా కోపం తగ్గలేదు. కోపం మీద రాసింది ఎవరికీ పనికిరాదు.

పని ఏమిటంటే

చట్టం అసెంబ్లీలోనో పార్లమెంటులోనో పుడుతుంది. అక్కడ కూర్చున్నవాళ్ళు ఏ ఒక్కరి మొహమూ చూడకుండా అందరికీ కలిపి రాస్తారు. అట్లాగే రాయాలి కూడా. మన దగ్గరికి వచ్చేసరికి ఆ చట్టానికి ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉంటుంది, ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకుని. చట్టం రాసినవాళ్ళకు ఈ మనిషి తెలియదు. ఈ మనిషికి ఆ చట్టం తెలియదు. ఇద్దరినీ కలపడానికి మనకు జీతం ఇస్తారు.

మా నాయన పాతబస్తీలో ఒక చిన్న గుడికి అర్చకులు. పంచాంగం చెప్పేవారు. వర్జ్యంలో ఇల్లు కదలొద్దని వాడకట్టు అందరికీ చెప్పింది ఆయనే. ఒకరోజు మా తమ్ముడికి జ్వరం ఎక్కి కళ్ళు తేలేస్తే, అమ్మ గడియారం వైపు చూసి వర్జ్యం అని గొణిగింది. నాయన వినిపించుకోకుండా పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తారు. తర్వాత నేను నిలదీస్తే, "వర్జ్యం పెట్టింది మనం బాగుండాలని బిడ్డా. పిల్లగాడే పోతే ఇంక ఎవరి కోసం చూసుడు?" అన్నారు. అదే నాయన, ఫంక్షన్ హాలు దొరకలేదు కాబట్టి ముహూర్తం కొంచెం జరపమని ఒక సేటు బతిమాలితే ససేమిరా అన్నారు. హాలు దొరకకపోవడం జ్వరం కాదు అన్నారు. సేటు అలిగి వేరే పంతులును చూసుకున్నాడు.

ఏది జ్వరమో ఏది హాలో తేల్చుకోవడానికే నాకు ఉద్యోగమంతా పట్టింది.

అక్షరం సాబ్, మెహర్బాన్ సాబ్

నేను చేరిన కొత్తలో నాకు పైన ఇద్దరు పెద్ద జడ్జీలు ఉండేవారు. లాయర్లు ఒకాయనకు అక్షరం సాబ్ అనీ, ఇంకొకాయనకు మెహర్బాన్ సాబ్ అనీ పేర్లు పెట్టారు. ఎదురుగా మాత్రం ఇద్దరికీ ఒకే రకంగా వంగేవారు.

మెహర్బాన్ సాబ్ పేరుకు తగ్గట్టే దయగల మనిషి. ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆయన కలం ఆగేది కాదు. చట్టంలో తనకు కావలసిన సగం వాక్యం చదివి, మిగతా సగం మీద చెయ్యి పెట్టేవారు. జనం ఆయనకు దండాలు పెట్టేవారు. కొన్నాళ్ళకు పై కోర్టు ఆ తీర్పు కొట్టేసేది. గెలిచామనుకుని మిఠాయి పంచినవాళ్ళు అప్పటికి ఇంటికి రంగులు వేసుకుని, బోరు వేయించుకుని, ఇప్పుడు సామాను బయట పెట్టించుకుని మళ్ళీ మా వరండాలోకి వచ్చేవారు. దయ చూపించింది ఆయన, నష్టం మోసింది వాళ్ళు. ఆ మొహాలు చూశాక మెత్తని మనసంటే నాకు భయం పట్టుకుంది.

అక్షరం సాబ్ దగ్గర ఏడుపులు చెల్లేవి కావు. కొత్తగా వచ్చినవాళ్ళను తన గదిలో నిలబెట్టి, చట్టంలో ఏదో ఒక సెక్షన్ తీసి, చిన్నపిల్లల చేత ఎక్కం చెప్పించినట్టు పైకి చదివించేవారు. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటినుంచి. నాకు ఒళ్ళు మండేది. "చట్టంలో ఒక్క మాట ఊరికే రాయరమ్మా. నీకు పనికొచ్చే మాట దగ్గర ఆగావంటే నువ్వు చదివింది చట్టం కాదు, నీ ఇష్టం" అనేవారు. ఆయన కఠినుడని నేనూ అందరితో కలిసి అన్నదాన్నే. ఆ మాట ఇప్పుడనను.

తాంబూలంలో ఇచ్చిన వాటా

చట్టం తలుపు మూసేసిన కేసు ఒకటి ముందు చెప్తాను. అఫ్జల్‌గంజ్‌లో తరాలుగా ఇనుప సామాన్ల హోల్‌సేల్ చేసే కుటుంబం. పెద్దాయనకు పిల్లలు లేరు. తమ్ముడి కూతురు ఆయనను ఆఖరి దాకా చూసుకుంది, తినిపించడం నుంచి పక్క మార్చడం దాకా. సత్యనారాయణ వ్రతం నాడు చుట్టాలందరి ఎదుట పెద్దాయన ఆ పిల్ల చేతిలో తాంబూలం పెట్టి, పై అంతస్తు నీకిచ్చానన్నాడు. రిజిస్ట్రేషన్ చెయ్యలేదు. ఆయన పోయాక ఆమె అన్నలే ఎదురు తిరిగారు.

స్థిరాస్తి దానం రిజిస్టరు కావాలి, సాక్షుల సంతకాలు ఉండాలి. చట్టం అంతే చెప్పింది. అందులో కిటికీ లేదు, సందు లేదు. తాంబూలం అందరూ చూశారు, నేనూ నమ్మాను, అయినా దావా కొట్టేశాను.

తీర్పు చెప్పాక ఆమె కదల్లేదు. "అందరి ముంగట ఇచ్చిండు గద మేడం. అబద్ధమైతే అబద్ధమని అనున్రి" అంది. అబద్ధం కాదమ్మా అన్నాను.

ఇవాళ నా ముందుకొచ్చినా అదే తీర్పు ఇస్తాను. చుట్టాల మాట మీద ఇళ్ళు చేతులు మారితే, చావు ఇంట్లో ఎవరికి ఎక్కువమంది చుట్టాలుంటే వాళ్ళదే ఇల్లు అవుతుంది. ఆ సంగతి తెలిసే శాసనం చేసినవాళ్ళు తలుపు వేశారు. వాళ్ళు కావాలని వేసిన తలుపు తీసే అధికారం నాకు లేదు. ఇదంతా తెలిసినా ఆమె మొహం మాత్రం నన్ను వదల్లేదు. ఆ బాధ ఈ పనిలో ఉంటుంది, మందు అడగకండి.

నాలుగు నెలలు

ఇక రజియా బేగం సంగతి. నేను కిరాయి కేసులు చూస్తున్న రోజులు.

ఖాదర్ భాయ్ అనే ఆయనకు లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణం ఉండేది, పాత కిరాయికి. భార్య రజియా బేగం కిషన్‌బాగ్ ఇంట్లో కూర్చుని వేడి లక్క మీద రాళ్ళు పొదిగేది. ఆమె చేసేది, ఆయన అమ్మేవాడు. ఒకరోజు దుకాణంలోనే గుండె ఆగి ఖాదర్ భాయ్ పోయాడు. పిల్లలు ఇంకా బడికి పోయే వయసువాళ్ళు. రజియా బేగం ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ముస్లిం స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా ఉండే గడువు అది. అది తీరాక వచ్చి, మొగుడు కూర్చున్న గద్దె మీద తాను కూర్చుంది. ఆ వరసలో గద్దె మీద కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమేనట. అట్లా కూర్చున్న కొద్ది రోజులకే నోటీసు వచ్చింది.

దుకాణం యజమాని జహీరుద్దీన్ సాబ్. పెద్ద వయసు, ఇస్త్రీ షేర్వాణీ, కోర్టులో ఎవరు లేచినా తానూ లేచేంత మర్యాద. దానికి ఒక పక్కనున్న మడిగె, అంటే దుకాణం గది, కూడా ఆయనదే. రెండూ కలిపి పెద్ద షోరూం కట్టాలని కోరిక. అది తప్పేమీ కాదు, ఆస్తి ఆయనది. కిరాయి చట్టం ప్రకారం, కిరాయిదారు సబబైన కారణం లేకుండా వరసగా నాలుగు నెలలు ఆ మడిగెను వాడకుండా వదిలేస్తే యజమాని ఖాళీ చేయించవచ్చు. నాలుగు నెలలు దాటి మూసి ఉంది కాబట్టి ఖాళీ చేయించండి అని పిటిషను.

చట్టం గడువు నాలుగు నెలలు, ఇద్దత్ ఇంకో పది రోజులు ఎక్కువ. చట్టం రాసినవాళ్ళు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి ఉండరు.

ప్రతి పేరానూ కాదనడం

రజియా బేగం పెట్టుకున్న లాయరు మురళి, కుర్రవాడు, తెలివైనవాడే. మా దగ్గర లాయర్లకు ఒక అలవాటు ఉంది. ఎదుటివాడి పిటిషనుకు జవాబు రాసేటప్పుడు పేరా పేరాకూ కాదని రాసుకుంటూ పోతారు. ఒక్కదాన్ని ఒప్పుకున్నా ఓడిపోతామని భయం. సీనియర్ల చాంబర్లలో కొత్తవాళ్ళకు మొదట నేర్పేది ఇదే. పిటిషనులో దుకాణం మూసి ఉందని ఉంది కాబట్టి, మురళి జవాబులో అది అబద్ధమనీ, ప్రతివాది ప్రతిరోజూ స్వయంగా దుకాణంలో కూర్చుని వ్యాపారం చేసుకుంటూనే ఉందనీ రాశాడు. ఇంగ్లీషులో రాశాడు. ఆమె ఉర్దూలో సంతకం చేసింది. అందులో ఏముందో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు.

ఇంతకంటే పెద్ద తప్పును నేను సర్వీసులో కొద్దిసార్లే చూశాను. మోసం చెయ్యాలని చేసింది కాదు, అలవాటు కొద్దీ చేసింది.

ఆమె బోనెక్కిన రోజు కోర్టు నిండుగా ఉంది. వెనక గోడ దగ్గర ఆమె బావగారు, ఇంటి పెద్దలు నిలబడ్డారు. జహీరుద్దీన్ సాబ్ లాయరు బాగా అనుభవం ఉన్నవాడు, గొంతు పెంచడు. జవాబులోని ఆ వాక్యాన్ని మెల్లగా ఉర్దూలో చదివి వినిపించి, ఇది మీ మాటేనా అని అడిగాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చదవమంది. చదివాడు. కింద సంతకం చూపించాడు. ఆమె మురళి వైపు చూసింది. అతను ఫైలు వైపు చూస్తున్నాడు.

ఆ క్షణంలో ఆమె చేతిలో ఉన్నది రెండే దారులు. అవునంటే దుకాణం దక్కవచ్చు, కానీ మొగుడి దుఃఖం పాటించకుండా బజారులో కూర్చుందన్న మాట ఇంటివాళ్ళ ముందు, కోర్టు కాగితంలో నిలిచిపోతుంది. కాదంటే ఆ మాట పోతుంది, దుకాణమూ పోతుంది. లాయరు ఆ ప్రశ్న అడిగింది అది తెలిసే.

ఆమె దక్కనీలో అన్న మాటలను మన తెలుగులో రాస్తున్నాను. "దుకాణం పోతే పోనియ్యున్రి మేడం. మా ఆయన గమీల నేను బజార్ల కూసున్ననని మాత్రం రాసుకోకున్రి. నేను గడప దాటలే."

గమీ అంటే చావు దుఃఖం. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు రాయించాను. జహీరుద్దీన్ సాబ్ లాయరు ఇంక అడిగేది లేదని కూర్చున్నాడు. మెహర్బాన్ సాబ్ అయితే ఆ పూటే తీర్పు రాసేసేవారు, పై కోర్టు మర్నాడే కొట్టేసేది.

సాక్షిని నిజం కోసం ఏ ప్రశ్నయినా అడిగే అధికారం చట్టమే జడ్జికి ఇచ్చింది. కొత్తవాళ్ళు దాన్ని వాడటానికి జంకుతారు. నేను అడిగాను, అయితే అన్ని నెలలూ దుకాణం బంద్‌గానే ఉందా అని.

"బంద్ ఎట్ల ఉంటది మేడం? బాలకిషన్ భాయ్ రోజు తీసిండు గద" అంది, నాకిది కూడా తెలియదా అన్నట్టు.

నేను మేలు చేశాననుకున్నాను. జహీరుద్దీన్ సాబ్ లాయరు మొహం చూశాక తెలిసింది ఏం జరిగిందో. అదే చట్టంలో ఇంకో నిబంధన ఉంది. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా మడిగెను వేరేవాళ్ళకు అప్పగించినా ఖాళీ చేయించవచ్చు. మూసి ఉంచితే ఒక నిబంధన, ఇంకొకరు తీస్తే ఇంకో నిబంధన. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆయన పిటిషనులో రెండో కారణం కూడా చేర్చడానికి అనుమతి అడిగాడు. మురళి లేచి, జవాబు తన తప్పు వల్ల అట్లా వచ్చిందని నిండు కోర్టులో ఒప్పుకుని, సవరించుకుంటానన్నాడు. ఇద్దరికీ అనుమతి ఇచ్చాను.

బాలకిషన్ సాక్ష్యం

బాలకిషన్‌ది రజియా బేగం దుకాణానికి రెండో పక్కనున్న మడిగె. చీరల అంచులకు వేసే జరీ లేసు అమ్ముతాడు. వాళ్ళ తాతల నాటి దుకాణం. ఉండేది హుస్సేనీ ఆలంలో. బోనులో కూడా చేతికి లేసు కొలుస్తున్నట్టే వేళ్ళు కదిలిస్తూ నిలబడ్డాడు.

ఆయన చెప్పిందాని సారం ఇది. వాళ్ళ వరసలో ఎవరింట్లో చావు జరిగినా ఆ దుకాణం షట్టరు దించి ఉంచరు. పొద్దున పక్కవాడు తీస్తాడు. సాంబ్రాణి పొగ వేసే ఫకీరు లోపల పొగ వేసి పోతాడు. ముందే చెప్పి చేయించుకున్న గాజులు ఎవరైనా అడిగితే తీసి ఇస్తాడు, వచ్చింది ఆ ఇంటికి చేరుస్తాడు. గద్దె మీద మాత్రం కూర్చోడు, తన దుకాణం మెట్టు మీద నుంచే చూసుకుంటాడు. పొద్దు గూకక ముందే షట్టరు దించి, స్కూటరు మీద కిషన్‌బాగ్ పోయి, పరదా బయట గూట్లో తాళంచెవి పెట్టి, భాభీ, చాబీ అని ఒక కేక వేసి వస్తాడు. పొద్దున మళ్ళీ పోయి తెచ్చుకుంటాడు.

జహీరుద్దీన్ సాబ్ లాయరు పట్టుకున్నాడు. ఆమె నిన్ను అంతగా నమ్మినప్పుడు తాళంచెవి నీ దగ్గరే ఉంచుకోవచ్చు గదా, రోజూ అంత దూరం తిరగడం ఎందుకు, ఇదంతా కేసు కోసం అల్లింది కాదా అన్నాడు.

బాలకిషన్‌కు కోపం రాలేదు. "గమీ ఇంటి చాబీ పరాయి ఇంట్ల పండుకోవద్దు సాబ్. పండుకుంటే దుకాణం ఆళ్ళ చెయ్యి దాటినట్టే" అన్నాడు.

ఈ నియమం ఎవరు పెట్టారని లాయరు అడిగాడు.

"ఎవరు పెట్టుడేంది? మా బాపు పోయినప్పుడు మా చాబీ ఖాదర్ భాయ్ తెచ్చిచ్చిండు, పదమూడొద్దులు. నేను ఎట్ల చేయకుంట ఉంట?"

రెండో కారణం చేర్చారు కాబట్టి జహీరుద్దీన్ సాబ్ కూడా మళ్ళీ బోనెక్కవలసి వచ్చింది. ఆయనను నేను రెండే అడిగాను. ఖాదర్ భాయ్ పోయినప్పుడు పరామర్శకు వెళ్ళారా అంటే, వెళ్ళానన్నారు. రజియా బేగం దుకాణానికి ఎందుకు రాలేదో మీకు తెలుసా అంటే, తెలుసు అన్నారు. మా అమ్మ కూడా ఇద్దత్‌లో కూర్చున్నది అని అడగకుండానే చెప్పారు. ఆ తర్వాత తన లాయరు వైపు చూడకుండా, "హక్కు ఉందని వకీలు సాబ్ అన్నడు, నేను వచ్చిన" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. అబద్ధం ఆడటానికి ఆయనకూ అవకాశం ఉండింది.

పూర్తిగా చదవడం

వాదన రోజు జహీరుద్దీన్ సాబ్ లాయరు ఒక గట్టి మాటే తెచ్చాడు. పొట్టకూటి కోసం ఇద్దత్‌లో కూడా పగలు బయటికి పోవచ్చని ఆ మతంలోనే చెప్పిన పెద్దలున్నారు, కాబట్టి ఇంట్లో కూర్చోవడం ఆమె ఇష్టం, కారణం కాదు అన్నాడు. ఇక్కడ కొత్తవాళ్ళు కాలు జారుతారు. మతగ్రంథం అర్థం చెప్పడం మొదలుపెడతారు. శాసనసభ నన్ను అడిగింది అది కాదు. సబబైన కారణం ఉందా లేదా అని అడిగింది. ఆ ఇంటి, ఆ బజారు మనిషికి, నిజాయితీగా పాటించిన ఆ దుఃఖం సబబా కాదా అన్నదే ప్రశ్న. ఆమె దుకాణం పోతుందని తెలిసీ ఆ దుఃఖాన్ని అబద్ధం చెయ్యలేదు. అంతకు మించిన రుజువు ఏ లాయరు తేగలడు?

మర్నాడు నా గదిలో తలుపు వేసుకుని ఆ సెక్షన్‌ను పైకి చదివాను, అక్షరం సాబ్ ముందు నిలబడ్డట్టు. కోర్టులో అన్ని నెలలుగా అందరమూ నాలుగు నెలలు, నాలుగు నెలలు అంటూ వచ్చాం. సబబైన కారణం లేకుండా అన్న మాటలు కూడా అదే వాక్యంలో ఉన్నాయి. వాటినీ శాసనసభే రాసింది. నాలుగు నెలలు ఎంత చట్టమో అవీ అంతే చట్టం. అఫ్జల్‌గంజ్ ఆమె కేసులో అట్లాంటి మాటలు లేవు, ఎంత వెతికినా లేవు. ఇక్కడ ఉన్నాయి. నేను చెయ్యవలసిందల్లా వాటిని వదలకుండా చదవడమే.

రెండో నిబంధన సంగతి ఇంకొంచెం ఆలోచించాను. మూసి ఉంచినవాణ్ణీ, వేరేవాళ్ళకు అప్పగించినవాణ్ణీ ఒకే చట్టం ఎందుకు పక్కపక్కన పెట్టింది? ఇద్దరూ మడిగెను చెయ్యి వదిలేసినవాళ్ళే కాబట్టి. తనకు అక్కరలేని చోటును పట్టుకుని యజమానిని సతాయించేవాడి కోసం ఆ నిబంధనలు పుట్టాయి. ప్రతి సాయంత్రం తాళంచెవి తన గూట్లోకి తిరిగి తెచ్చుకున్న మనిషి చెయ్యి వదిలినట్టు ఎట్లా అవుతుంది? బాలకిషన్ దగ్గర పగటిపూట తాళంచెవి ఉంది, మడిగె మీద హక్కు ఏ పూటా లేదు. ఇది రాసి పిటిషను కొట్టేశాను. తీర్పు చదువుతుంటే రజియా బేగం తల వంచుకుని నిలబడింది.

పైకి అప్పీలు పోయింది. పై కోర్టు నా తీర్పును నిలబెట్టింది. అయితే సబబైన కారణం ఒక్కటి చాలు, మిగతా చర్చ అనవసరం అని రాసి, నేను ఎంతో కష్టపడ్డ తాళంచెవి భాగాన్ని పక్కన పెట్టేసింది. నాకు చిన్నబుచ్చినట్టయింది. రిటైరై ఇంట్లో ఉన్న అక్షరం సాబ్‌ను చూడబోయి ఆ రెండు తీర్పులూ ఆయన చేతిలో పెట్టాను. ఆయన రెండూ ఆఖరి దాకా చదివారు. మెచ్చుకోలేదు. "పూర్తిగా చదివావు" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మాట ఎవరూ విని ఉండరు.

మురళి ఇప్పుడు మంచి పేరున్న లాయరు. ఏ జవాబైనా సంతకానికి ముందు పార్టీని కూర్చోబెట్టి వాళ్ళ భాషలో చదివి వినిపిస్తాడని అతని జూనియర్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మొన్న

మా అన్న మనవరాలి పెళ్ళికి గాజులు కొందామని మొన్న లాడ్ బజార్ వెళ్ళాను. నేను తీర్పు చెప్పినవాళ్ళ గడప తొక్కకూడదని సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ వరసలోకే పోలేదు. ఇప్పుడు నేను ఎవరికీ జడ్జిని కాదు.

రజియా బేగం గద్దె మీద ఉంది. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. నన్ను గుర్తుపట్టి లేచి సలాం చేసింది. కొలతకు నా చేతికే గాజు ఎక్కించి చూస్తుంటే, పక్క దుకాణం ముందు ఒకామె వచ్చి లేసు అడిగింది. రజియా బేగం నా చెయ్యి వదిలి, లేచి పోయి, పక్క దుకాణంలోంచి లేసు కొలిచి ఇచ్చి, డబ్బులు ఆ దుకాణం గల్లాలోనే వేసి వచ్చింది. ఆ దుకాణంలోంచి సాంబ్రాణి వాసన ఇంకా వస్తోంది. గద్దె ఖాళీగా ఉంది.

నేను అడగబోయేంతలో ఆమే చెప్పింది. "బాలకిషన్ భాయ్ పోయిండు మేడం. వారం కూడా కాలే."

నాకు కళ్ళు నిండాయి. దాచుకోలేదు. ఆమె నా గాజులు కాగితంలో చుట్టి సంచిలో పెట్టింది. ఎండ ఇంకా మెట్ల మీదే ఉంది, బేరాలు ముదిరే వేళ. అయినా లేచి పక్క దుకాణం షట్టరు దించి, తాళం వేసి, తాళంచెవిని దుపట్టా కొసకు ముడి వేసుకుంది. తన దుకాణాన్ని కాసేపు చూడమని ఎదుటి మడిగె ఆయనకు చెప్పింది. మంచి బేరం వేళ కదా, ఇంకొంచెం ఆగి పోరాదా అన్నాను.

"పొద్దుగూకక ముందే చాబీ ఆళ్ళింటికి చేరాలె మేడం" అని, హుస్సేనీ ఆలం వైపు నడిచింది.